వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపే పద్ధతి

ఇయర్‌బడ్స్ ఫోనుతో ఇట్టే కలిసిపోతాయి గాని, అవే ఇయర్‌బడ్స్ ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి జాబితాలో కనిపించకపోవడం, కనిపించినా కలవకపోవడం, కలిసినా శబ్దం ల్యాప్‌టాప్ స్పీకర్లలోనే రావడం వంటి ఇబ్బందులు చాలామందికి ఎదురవుతాయి. వీటిలో పరికరాల లోపం వల్ల వచ్చేవి తక్కువ. పైకి ఒకే పనిలా కనిపించే ఈ వ్యవహారంలో నిజానికి మూడు పనులున్నాయి. మొదటిది, రెండు పరికరాలూ ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకొనేలా జత చేయడం. ఇది ఒక్కసారి చేస్తే చాలు. రెండవది, వాడుకోవాలనుకున్న ప్రతిసారీ ఆ జతను కనెక్ట్ చేయడం. మూడవది, ల్యాప్‌టాప్ శబ్దం ఎటు పోవాలో, మన మాట ఏ మైకు ద్వారా లోపలికి రావాలో నిర్ణయించడం. ఇబ్బంది ఎదురైనప్పుడు అది ఈ మూడింటిలో ఏ పని దగ్గర ఆగిందో గమనిస్తే పరిష్కారం సగం దొరికినట్టే. గమనించకపోతే, శబ్దాన్ని మళ్లించవలసిన చోట మళ్లీ మళ్లీ జత చేస్తూ కూర్చోవలసి వస్తుంది.

ముందుగా చూసుకోవలసినవి

మీ ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ ఉందో లేదో తేల్చుకోవడం మొదటి పని. విండోస్ వాడుతున్నట్లయితే విండోస్ కీని, ఎక్స్ కీని కలిపి నొక్కి, వచ్చిన జాబితాలో 'డివైస్ మేనేజర్'ను తెరవండి. అక్కడ 'బ్లూటూత్' అనే శీర్షిక కనిపిస్తే పరికరం ఉన్నట్టే. ఆ శీర్షికే లేకపోతే రెండు కారణాలు ఉండవచ్చు: ల్యాప్‌టాప్‌లో బ్లూటూత్ అసలే లేకపోవచ్చు, లేదా దాని డ్రైవర్ (ఆ పరికరాన్ని విండోస్ నడపడానికి కావలసిన చిన్న ప్రోగ్రామ్) పోయి ఉండవచ్చు. ల్యాప్‌టాప్ తయారీ సంస్థ వెబ్‌సైటులో మీ మోడల్ పేరుతో వెతికి, అక్కడి బ్లూటూత్ డ్రైవర్‌ను ఇన్‌స్టాల్ చేసి చూస్తే ఏది నిజమో తెలిసిపోతుంది. బ్లూటూత్ లేదని తేలితే, యూఎస్‌బీ పోర్టులో పెట్టుకొనే చిన్న బ్లూటూత్ డాంగిల్ ఆ లోటు తీరుస్తుంది. వెర్షన్ల గురించి కలవరపడవలసిన పని లేదు. ఇయర్‌బడ్స్ ఒక వెర్షన్, ల్యాప్‌టాప్ మరొక వెర్షన్ అయినా రెండింటికీ తెలిసిన పద్ధతిలో అవి మాట్లాడుకుంటాయి. కొత్త వెర్షన్‌లోని అదనపు సౌకర్యాలు మాత్రం రెండు వైపులా ఉంటేనే పనిచేస్తాయి.

తరువాత ఇయర్‌బడ్స్‌నూ, వాటి ఛార్జింగ్ కేసునూ తగినంత ఛార్జ్ చేయండి. కేసులో ఛార్జింగ్ బాగా తగ్గిపోయినప్పుడు కొన్ని రకాల ఇయర్‌బడ్స్ జత కుదిరే స్థితికే రావు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది మరచిపోయేది, ఫోను సంగతి. ఇయర్‌బడ్స్‌ను కేసులోంచి బయటికి తీయగానే అవి చివరిగా కలిసిన పరికరాన్ని వెతుక్కుంటూ పోతాయి. ఆ పరికరం సాధారణంగా మీ ఫోనే అవుతుంది. ఒకసారి ఫోనుతో కలిసిన తరువాత చాలా ఇయర్‌బడ్స్ కొత్త పరికరాలకు కనిపించవు. కాబట్టి ల్యాప్‌టాప్‌తో జత చేసే కాసేపు ఫోనులోనూ, ఉంటే ట్యాబ్లెట్‌లోనూ బ్లూటూత్‌ను పూర్తిగా ఆపివేయండి. కొన్ని ఫోన్లలో పైనుంచి కిందికి లాగితే వచ్చే మెనూలోని బ్లూటూత్ గుర్తును నొక్కితే అప్పటికి కనెక్షన్ తెగుతుందే తప్ప బ్లూటూత్ పూర్తిగా ఆగదు. అందువల్ల సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపడమే మంచిది.

ఇయర్‌బడ్స్‌ను జతకు సిద్ధం చేయడం

ఇయర్‌బడ్స్ ఆన్‌లో ఉండడం వేరు, జతకు సిద్ధంగా ఉండడం వేరు. జతకు సిద్ధంగా ఉన్నప్పుడు మాత్రమే అవి తమ పేరును చుట్టుపక్కల పరికరాలకు ప్రకటిస్తాయి. ఆ స్థితికి తెచ్చే పద్ధతి ఒక్కో సంస్థకు ఒక్కో రకంగా ఉంటుంది. ఎక్కువ మోడళ్లలో రెండు ఇయర్‌బడ్స్‌నూ కేసులోనే ఉంచి, మూత తెరిచి, కేసు మీద ఉన్న బటన్‌ను కొన్ని సెకన్లపాటు వదలకుండా నొక్కిపట్టాలి. బటన్ లేని కేసు అయితే రెండు ఇయర్‌బడ్స్ మీదా ఉన్న తాకే భాగాన్ని ఒకేసారి నొక్కిపట్టాలి. యాపిల్ ఎయిర్‌పాడ్స్‌లో చాలా మోడళ్లకు కేసు వెనుక బటన్ ఉంటుంది; ముందున్న చిన్న లైటు తెల్లగా మెరిసేదాకా దాన్ని పట్టుకోవాలి.

ఇక్కడ లైటును జాగ్రత్తగా గమనించండి, ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో మీకు చెప్పేది అదొక్కటే. మూత తెరవగానే వెలిగి, నిలకడగా ఉండే లైటు ఛార్జింగ్ ఎంతుందో చెప్పే లైటు. బటన్ నొక్కిపట్టిన తరువాత రంగు మారి, లేదా అదే రంగులో ఆగకుండా మిణుకుమిణుకుమంటూ ఉంటే అది జతకు పిలుపు. నొక్కడం ఆపగానే లైటు రెండు మూడు సార్లు మెరిసి ఆరిపోతే మీరు తొందరగా వదిలేశారని అర్థం, మళ్లీ నొక్కిపట్టండి. అలాగని మరీ ఎక్కువసేపు నొక్కితే కొన్ని మోడళ్లు పూర్తిగా రీసెట్ అయిపోయి పాత జతలన్నీ మరచిపోతాయి. అందుచేత, ఇయర్‌బడ్స్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో ఎన్ని సెకన్లో ఒక్కసారి చూసుకోవడం ఉత్తమం. ఈ స్థితి కూడా శాశ్వతం కాదు. కొద్ది నిమిషాల్లో ఎవరూ పలకకపోతే ఇయర్‌బడ్స్ వాటంతటవే ఆ స్థితినుంచి బయటికి వస్తాయి. అందుకని ల్యాప్‌టాప్‌లో తెరవవలసిన పేజీని ముందే తెరిచి పెట్టుకొని, ఆ తరువాతే బటన్ నొక్కండి.

ల్యాప్‌టాప్‌లో జత చేయడం

విండోస్ 11లో విండోస్ కీని, ఐ కీని కలిపి నొక్కితే సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. ఎడమవైపు 'బ్లూటూత్ అండ్ డివైసెస్'ను ఎంచుకొని, బ్లూటూత్ స్విచ్ ఆన్‌లో ఉందని నిర్ధారించుకోండి. తరువాత 'యాడ్ డివైస్' నొక్కి, వచ్చిన చిన్న కిటికీలో మొదటి వరుస అయిన 'బ్లూటూత్'ను ఎంచుకోండి. కొన్ని సెకన్లలో చుట్టూ ఉన్న పరికరాల పేర్లు ఒక్కొక్కటిగా వస్తాయి. మీ ఇయర్‌బడ్స్ పేరు మీద నొక్కి, సిద్ధమైందనే సందేశం వచ్చేదాకా వేచి ఉండి, 'డన్' నొక్కండి. విండోస్ 10లో దారి కొంచెం వేరు: సెట్టింగ్స్‌లో 'డివైసెస్', అందులో 'బ్లూటూత్ అండ్ అదర్ డివైసెస్', ఆపైన 'యాడ్ బ్లూటూత్ ఆర్ అదర్ డివైస్'. అక్కడినుంచి పని ఒకటే.

ఒక్కోసారి జాబితాలో మీ ఇయర్‌బడ్స్ పేరు రెండుసార్లు కనిపిస్తుంది. వాటిలో ఒకదానికి ముందు 'ఎల్‌ఈ' అనే అక్షరాలుంటే దాన్ని వదిలి, హెడ్‌ఫోన్ బొమ్మతో ఉన్న రెండవ పేరును ఎంచుకోండి. చాలా మోడళ్లలో 'ఎల్‌ఈ' పేరు ఫోనులోని యాప్‌తో మాట్లాడుకోవడానికి ఉద్దేశించినది. దానితో జత కుదిరినట్టే కనిపించినా శబ్దం రాకపోవచ్చు. అసలు పేరే కనిపించకపోతే, విండోస్ 11లో 'బ్లూటూత్ అండ్ డివైసెస్' కింద 'డివైసెస్' పేజీలోకి వెళ్లి, 'బ్లూటూత్ డివైసెస్ డిస్కవరీ' అనే ఎంపికను 'అడ్వాన్స్‌డ్'గా మార్చి మళ్లీ వెతకండి. మామూలు స్థితిలో విండోస్ తెలిసిన రకాల పరికరాలను మాత్రమే చూపి మిగతావాటిని దాచిపెడుతుంది. ఈ మార్పుతో అన్నీ కనిపిస్తాయి.

మ్యాక్‌బుక్‌లో యాపిల్ మెనూ నుంచి 'సిస్టమ్ సెట్టింగ్స్' తెరిచి 'బ్లూటూత్'లోకి వెళ్తే, దగ్గర్లోని పరికరాల జాబితా దిగువన కనిపిస్తుంది. మీ ఇయర్‌బడ్స్ పేరు మీదికి పాయింటర్ తీసుకువెళ్లి 'కనెక్ట్' నొక్కండి. 2022కు ముందరి మ్యాక్ వెర్షన్లలో ఇదే పేజీ 'సిస్టమ్ ప్రిఫరెన్సెస్'లో ఉంటుంది. ఎయిర్‌పాడ్స్‌ను అదే యాపిల్ ఖాతా ఉన్న ఐఫోనుతో ముందే కలిపి ఉంటే, మ్యాక్‌లో జత చేయనక్కరలేదు. అవి వాటంతటవే జాబితాలోకి వస్తాయి. క్రోమ్‌బుక్‌లో కింద కుడిమూలన ఉన్న గడియారాన్ని నొక్కి బ్లూటూత్‌లోకి వెళ్లి కొత్త పరికరాన్ని జత చేయాలి. ఉబుంటు వంటి లినక్స్‌లలోనూ సెట్టింగ్స్‌లో బ్లూటూత్ పేజీ ఉంటుంది. అక్కడ పేరు మీద నొక్కితే చాలు.

ఎక్కడైనా నాలుగంకెల సంఖ్య అడిగితే, అది పాతకాలపు పరికరమని అర్థం. నాలుగు సున్నాలు వేసి చూడండి. ఎక్కువ సందర్భాల్లో అదే సరిపోతుంది.

శబ్దాన్ని ఇయర్‌బడ్స్‌లోకి మళ్లించడం

'కనెక్టెడ్' అనే మాట కనిపించగానే పని అయిపోయిందనుకోవడం సహజం. చాలాసార్లు ల్యాప్‌టాపే శబ్దాన్ని ఇయర్‌బడ్స్‌లోకి మళ్లిస్తుంది, కాని ప్రతిసారీ కాదు. విండోస్ 11లో కింద కుడివైపు ఉన్న స్పీకర్ గుర్తును నొక్కి, శబ్దం పెంచి తగ్గించే గీత పక్కనున్న చిన్న గుర్తును నొక్కితే శబ్దం బయటికి పోగల పరికరాలన్నీ వరుసగా కనిపిస్తాయి. వాటిలో మీ ఇయర్‌బడ్స్‌ను ఎంచుకోండి. మ్యాక్‌లో ఇదే పని కంట్రోల్ సెంటర్‌లోని 'సౌండ్' విభాగంలో జరుగుతుంది. ఇది చేసిన తరువాత కూడా ఏదో ఒక్క ప్రోగ్రామ్ శబ్దం మాత్రం స్పీకర్లలోనే వస్తుంటే, ఆ ప్రోగ్రామ్‌ను మూసి తెరవండి. మొదలైనప్పుడు ఏ పరికరం ఉందో దాన్నే పట్టుకొని కూర్చొనే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వీడియో కాల్ ప్రోగ్రాములు స్పీకర్‌ను, మైకును తమ సొంత సెట్టింగ్స్‌లో విడిగా దాచుకుంటాయి. వాటిలో ఇయర్‌బడ్స్‌ను విడిగానే ఎంచుకోవాలి.

మైకు వాడగానే పాట నాణ్యత ఎందుకు పడిపోతుంది

ఈ ఒక్క విషయం తెలియక మంచి ఇయర్‌బడ్స్‌ను చెడిపోయాయనుకొని పక్కన పడేసేవారు ఉన్నారు. కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెప్పవలసి ఉంది.

ఒక చిన్న పరీక్ష చేయండి. ఇయర్‌బడ్స్‌లో ఒక పాట పెట్టి, అది నడుస్తుండగానే విండోస్‌లో ఉండే 'సౌండ్ రికార్డర్'ను తెరిచి, మైకుగా ఇయర్‌బడ్స్‌నే ఎంచుకొని రికార్డింగ్ మొదలుపెట్టండి. మామూలు ఇయర్‌బడ్స్ అయితే మరుక్షణమే పాటలోని వెడల్పు పోతుంది. కుడిఎడమల తేడా చెరిగిపోయి, తాళాల మెరుపు, తబలా లోతు రెండూ మాయమై, పాట పాత టెలిఫోనులోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. రికార్డింగ్ ఆపిన కాసేపటికి మళ్లీ మామూలుగా మారుతుంది.

దీనికి కారణం బ్లూటూత్ పనిచేసే తీరులోనే ఉంది. సంప్రదాయ బ్లూటూత్‌లో శబ్దాన్ని చేరవేయడానికి రెండు వేర్వేరు పద్ధతులున్నాయి. ఏ2డీపీ అనే మొదటి పద్ధతి సంగీతం కోసం ఉద్దేశించినది. అది స్టీరియో శబ్దాన్ని మంచి నాణ్యతతో ల్యాప్‌టాప్ నుంచి చెవికి మాత్రమే పంపుతుంది, తిరుగు దారిలో మైకును మోయదు. హెచ్‌ఎఫ్‌పీ అనే రెండవ పద్ధతి ఫోను సంభాషణల కోసం పుట్టినది. అది రెండు వైపులా మాటను మోస్తుంది గాని, శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లో, మెరుగైన రకంలో 16,000 సార్లో మాత్రమే కొలుస్తుంది, అదీ ఒకే ఛానెల్‌లో. సంగీతానికి మామూలుగా ఈ కొలత సెకనుకు 44,100 సార్లు ఉంటుంది. ఏదైనా ప్రోగ్రామ్ ఇయర్‌బడ్స్ మైకును అడగగానే ల్యాప్‌టాప్ మొదటి పద్ధతిని వదిలి రెండవ పద్ధతికి మారవలసి వస్తుంది. విండోస్ 10లో ఈ రెండూ 'స్టీరియో' అనీ 'హ్యాండ్స్‌ఫ్రీ' అనీ రెండు వేరు పరికరాల్లా కనిపిస్తాయి. విండోస్ 11లో ఒకే పేరు కింద కలిసిపోయి, మార్పు మాత్రం లోపల జరుగుతుంది.

దీనికి నేను గట్టిగా సూచించే ఉపాయం ఒకటే: వినడానికి ఇయర్‌బడ్స్, మాట్లాడడానికి ల్యాప్‌టాప్ సొంత మైకు. సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', అందులో 'సౌండ్' తెరిచి, శబ్దం బయటికి పోయే చోట ఇయర్‌బడ్స్‌నూ, లోపలికి వచ్చే చోట ల్యాప్‌టాప్ మైకునూ ఎంచుకోండి. కాల్ ప్రోగ్రామ్‌లో కూడా అదే విధంగా మార్చండి. గది ప్రశాంతంగా ఉన్నప్పుడు ఈ ఏర్పాటులో మీకు ఎదుటివారి మాట స్పష్టంగా వినిపిస్తుంది, వారికీ మీ గొంతు సాధారణంగా మెరుగ్గానే చేరుతుంది. చుట్టూ రొద ఎక్కువగా ఉన్నచోట మాత్రం ఇయర్‌బడ్స్ మైకే మేలు. అప్పుడు పాట నాణ్యత గురించి ఆలోచించవలసిన అవసరమూ ఉండదు.

ఇయర్‌బడ్స్ మైకును ఎన్నడూ వాడబోమని అనుకునేవారు విండోస్ 10 కంట్రోల్ ప్యానెల్‌లోని 'డివైసెస్ అండ్ ప్రింటర్స్'లో ఇయర్‌బడ్స్ బొమ్మపై కుడి క్లిక్ చేసి, 'ప్రాపర్టీస్'లోని 'సర్వీసెస్' పేజీలో 'హ్యాండ్స్‌ఫ్రీ టెలిఫొనీ' పక్కనున్న టిక్కును తీసివేయవచ్చు. లినక్స్‌లో సౌండ్ సెట్టింగ్స్‌లోనే ఏ పద్ధతి కావాలో ఎంచుకొనే వీలుంది. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త విధానం ఈ ఇబ్బందిని మూలంలోనే తీర్చగలదు గాని, దానికి ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌లోని బ్లూటూత్ పరికరం, దాని డ్రైవర్, విండోస్ 11లోని కొత్త వెర్షన్, ఇవన్నీ సహకరించాలి. మీ ల్యాప్‌టాప్‌కు ఆ శక్తి ఉంటే 'డివైసెస్' పేజీలో 'యూజ్ ఎల్‌ఈ ఆడియో వెన్ అవైలబుల్' అనే స్విచ్ కనిపిస్తుంది.

శబ్దం తెగిపోతున్నప్పుడు

బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లో పనిచేస్తుంది. పాత రకం వైఫై, మైక్రోవేవ్ ఓవెన్, వైర్‌లెస్ మౌసులు, ఇవన్నీ అదే దారిలో నడుస్తాయి. ఆ రద్దీని తప్పించుకోవడానికి బ్లూటూత్ సెకనుకు 1,600 సార్ల వరకు ఒక ఛానెల్ నుంచి మరొక ఛానెల్‌కు దూకుతూ ఉంటుంది. అయినా రద్దీ మరీ ఎక్కువైతే శబ్దం తెగుతుంది. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉంటే ల్యాప్‌టాప్‌ను దానికి మార్చండి. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే తేడా తెలుస్తుంది. యూఎస్‌బీ 3 పోర్టుల్లో పెట్టిన హార్డ్‌డిస్కులు, పెన్‌డ్రైవులు కూడా ఈ తరంగాల్లోనే రొద పుట్టిస్తాయి. కాబట్టి బ్లూటూత్ డాంగిల్ వాడేవారు దాన్ని వాటి పక్క పోర్టులో పెట్టకుండా, వీలైతే చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో కొంచెం దూరంగా ఉంచాలి. మన శరీరం కూడా ఈ తరంగాలను పీల్చుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద ఉంచి వెనక్కి తిరిగి నడిచినప్పుడు శబ్దం తెగడానికి దూరంతోపాటు అదీ ఒక కారణమే.

ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు మాత్రమే తెగుతుంటే, డివైస్ మేనేజర్‌లో బ్లూటూత్ కింద మీ ల్యాప్‌టాప్ బ్లూటూత్ పరికరాన్ని (అడాప్టర్‌ను) తెరిచి, 'పవర్ మేనేజ్‌మెంట్' పేజీ ఉంటే, విద్యుత్తు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌కు అనుమతినిచ్చే టిక్కును తీసేయండి.

పేరు ఉన్నా కలవనప్పుడు

జత చేసిన సమయంలో ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్ రెండూ ఒక రహస్య తాళంచెవిని చెరొకచోట భద్రపరుచుకుంటాయి. వాటిలో ఒకటి ఆ తాళంచెవిని పోగొట్టుకుంటే, రెండవది ఎంత ప్రయత్నించినా తలుపు తెరుచుకోదు. ఇయర్‌బడ్స్‌ను రీసెట్ చేసినప్పుడూ, అవి గుర్తుంచుకోగల పరికరాల సంఖ్య దాటి పాతదాన్ని మరచిపోయినప్పుడూ ఇలా జరుగుతుంది. ఈ స్థితిలో 'కనెక్ట్' బటన్‌ను పదేపదే నొక్కడం వృథా. ల్యాప్‌టాప్ జాబితాలో ఇయర్‌బడ్స్ పేరు పక్కనున్న మూడు చుక్కలను నొక్కి 'రిమూవ్ డివైస్'తో తొలగించి, ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేసి, ఇయర్‌బడ్స్‌ను మళ్లీ జతకు సిద్ధం చేసి మొదటినుంచి కలపండి. పాత గుర్తును చెరిపేసి కొత్తగా జత చేయడం ఇందులోని కీలకం. ఒక చెవిలో మాత్రమే శబ్దం వస్తున్నా ఇదే పద్ధతి. ముందు రెండు ఇయర్‌బడ్స్‌నూ కేసులో పెట్టి మూత మూసి, కాసేపాగి తీయండి, అప్పటికీ కుదరకపోతే పుస్తకంలో చెప్పినట్టు రీసెట్ చేయండి.

ఫోను, ల్యాప్‌టాప్ రెండింటితోనూ వాడుకోవడం

జత కుదిరిన తరువాత ఫోను బ్లూటూత్‌ను మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. రెండు పరికరాలతో ఒకేసారి కలిసి ఉండగల సౌకర్యాన్ని మల్టీపాయింట్ అంటారు. అది మీ ఇయర్‌బడ్స్‌లో ఉంటే తయారీ సంస్థ యాప్‌లో దాన్ని ఆన్ చేయండి. ల్యాప్‌టాప్‌లో వీడియో చూస్తుండగా ఫోను మోగితే శబ్దం దానంతటదే ఫోనుకు మారుతుంది. ఫోనులో వచ్చే ప్రతి చిన్న నోటిఫికేషన్ మోత కూడా వీడియోను ఆపేస్తుంటే, ఫోనులో ఆ మోతలను ఆపివేయడం మేలు. మల్టీపాయింట్ లేనివారు ఒక పరికరంలో డిస్కనెక్ట్ చేసి, రెండవదానిలో జాబితాలోని పేరు పక్కన 'కనెక్ట్' నొక్కాలి. అంతకుముందు చేసిన జత అలాగే ఉంటుంది గనుక మళ్లీ బటన్ నొక్కిపట్టవలసిన పని ఉండదు.

ఆటలు ఆడేవారికి ఒక మాట. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరడానికి సెకనులో కొంత భాగం ఆలస్యమవుతుంది. వీడియోలు చూపే ప్రోగ్రాములు చాలావరకు బొమ్మను కూడా అంతే ఆలస్యం చేసి పెదవులకూ మాటకూ పొత్తు కుదురుస్తాయి గాని, ఆటలో అలా కుదరదు, మీటను నొక్కిన క్షణానికీ చప్పుడుకూ మధ్య ఎడం తెలిసిపోతుంది. ఇయర్‌బడ్స్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఉంటే దాన్ని ఆన్ చేసుకోండి. అదీ చాలకపోతే సొంత యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే రకం గాని, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు గాని వాడడమే సరైన మార్గం.